మెరుపు లేని తెర

నస్పూర్‌లో గని కార్మికుల క్వార్టర్. వెనక గదిలో ఒక టేబుల్, దాని మీద వనజ ల్యాప్‌టాప్. ఒక పక్క ఆసుపత్రి బిల్లు, ఇంకో పక్క బీమా కాగితం తెరిచి, అంకె అంకె సరిచూడటం ఆమె ఉద్యోగం. అంత చిన్న తెర మీద రెండూ పక్కపక్కన పెడితే అక్షరాలు చీమల్లా ఉండేవి. ఒకదాని మీద ఒకటి తెరిస్తే ఒకరి ఆపరేషన్ ఇంకొకరి పేరు మీద పడేది. అలా రెండుసార్లు పడింది కూడా.

"ఇంకో తప్పు వస్తే ఇంటి నుంచి పని కుదరదు వనజా. హైదరాబాద్ వచ్చెయ్యాలి," అన్నాడు టీమ్ లీడ్ భానుప్రసాద్. "ఒక మంచి మానిటర్ కొనుక్కోలేరా?"

కొనుక్కోలేరా అట! వనజకు ఒళ్లు మండింది. తను హైదరాబాద్ పోతే బాపుకు నీళ్లెవరు కాచి పెడతారు? తనను కన్న అవ్వ పోయినప్పటి నుంచి ఆ ఇంట్లో ఉన్నది తండ్రీకూతుళ్లిద్దరే. బాపు పోశం పొద్దుటి షిఫ్టు దిగి, ఒంటినిండా బొగ్గుతో, వెనక తలుపు నుంచి నేరుగా స్నానాల గదిలోకి పోతాడు. తలుపు చప్పుడు కాగానే "నీళ్లు కాగినయ్ బాపు" అనాలి. అవ్వ ఉన్నన్నాళ్లూ నీళ్లు కాగాయని అవ్వ చెప్పేది. అది చెవిన పడితేనే తాను భూమి మీదికి వచ్చినట్టని పోశం అంటుంటాడు.

మానిటర్ కోసం వనజ పడని పాట్లు లేవు. మొదట తెప్పించినది గోడంత ఉంది. చిన్న టేబుల్ మీద పెడితే ముక్కుకు తగిలేలా ఉంది, ఆ మూల నుంచి ఈ మూలకు చూడటానికి మెడ పట్టేసింది. వాపస్. రెండోదాని వైరు ల్యాప్‌టాప్‌లో దూరనే దూరదు. వాపస్. మూడోదానికి అన్నీ కుదిరాయి, కానీ అది మానిటరా అద్దమా? తెరిచి ఉన్న వెనక తలుపు, పెరట్లో తీగ మీద బాపు లుంగీ, అన్నీ అందులోనే. బిల్లులో సున్నా ఏదో లుంగీ మీద చుక్క ఏదో తెలియక వనజకు ఏడుపొచ్చింది.

చివరికి మంచిర్యాలలో ఓంప్రకాశ్ దుకాణానికి పోయింది.

"మెరవనిది కావాలె అన్నా. ఎన్కది ఏదీ అండ్ల కనబడొద్దు."

"గిది తీస్కపో చెల్లె, మ్యాట్ తెర. సూర్యుడొచ్చి నీ ఎన్క నిలబడ్డా కనబడడు."

"కొత్తదేనా?"

"ఆఫీసు మాల్. మూతపడ్డ గని ఆఫీసుల ఉండె. ఒక్క గీత లేదు, జర చూస్కో."

నిజంగానే గీత లేదు. బిల్లు ఒక పక్క, బీమా కాగితం ఒక పక్క, రెండూ ముత్యాల్లా కనబడ్డాయి. ఎత్తు కూడా సరిగ్గా కళ్లకు ఎదురుగా ఉంది. ఇన్నాళ్లకు పీడ విరగడైందని వనజ అనుకుంది.

ముసురు పట్టిన రోజది. మధ్యాహ్నమే మసి పూసినట్టు చీకటి. పెద్ద ఆడిట్ మొదలైంది. హెడ్‌ఫోన్‌లో భానుప్రసాద్ గొంతు గుక్క తిప్పుకోకుండా నడుస్తోంది. రెండు కాగితాల మధ్య తెర మీద ఒక బూడిద రంగు మరక. వనజ చున్నీతో తుడిచింది. పోలేదు. మళ్లీ తుడిచింది. మరక మెల్లగా చౌకట్టు అయింది. తన వెనకున్న తలుపు. తలుపులో ఒక మనిషి. నెత్తిన టోపీ. నొసటి మీద చిన్న లైటు.

తడి బొగ్గు వాసన, మందు పేల్చిన పొగ వాసన గదిలోకి వచ్చాయి.

'మ్యాట్ అన్నడు దొంగ సచ్చినోడు! గిది గూడ అద్దమే!' అని ఓంప్రకాశ్‌ను లోపల్లోపలే తిట్టుకుంది. మళ్లీ వాపస్, మళ్లీ వేట. ఆ చిరాకులో వెనక్కి తిరగనైనా తిరగకుండా, ఒక చెవి మీది హెడ్‌ఫోన్ జరిపి అలవాటు మాట అనేసింది.

"నీళ్లు కాగినయ్ బాపు."

లైటు తల ఊపింది. చౌకట్టులోంచి పక్కకు జరిగింది. స్నానాల గది తలుపు కిర్రుమంది. నీళ్లు... ఆగకుండా పడుతున్న నీళ్లు... స్నానం చేసేటప్పుడు బాపు దగ్గుతాడు. ఈ రోజు దగ్గు లేదు.

అప్పుడు వెనక తలుపు మళ్లీ చప్పుడైంది.

"బిడ్డా, నీళ్లు కాగినయా?"

వనజ గిరుక్కున తిరిగింది. బాపు. వానకు తడిసిన బోడి నెత్తి. టోపీ లేదు. లైటు లేదు.

"బాపూ... నువ్వు గిప్పుడొస్తున్నవా?"

"గనిల నీళ్లూరినయ్. జర లేటైంది. ఏమాయె?"

గని లైటును ఎవరూ ఇంటికి తేరు. పైకి రాగానే ల్యాంప్ రూమ్‌లో అప్పజెప్పాలి. ఒక్క లైటు తిరిగి రాకపోయినా, మనిషి ఇంకా లోపలే ఉన్నాడని గనంతా వెతుకుతారు. పుట్టి బుద్ధెరిగాక బాపు నొసటి మీద లైటును ఈ ఇంట్లో తను చూసిందే లేదు. అది తెలిసీ ఎలా అన్నది ఆ మాట?

స్నానాల గదిలో బకెట్ ఖాళీ. నేలంతా నల్లని నీళ్లు. గడప మీద తడి అడుగులు లోపలికి పోయాయి. బయటికి వచ్చినవి లేవు.

పోశం వంగి వాటినే చూశాడు. "పిల్చినవా?" అన్నాడు గుసగుసగా.

"నువ్వే అనుకున్న బాపు..."

"లైటు అప్పజెప్పక గనిలనే పోయినోడు ఇంటి తొవ్వ తెల్వక తిరుగుతుంటడు బిడ్డా. రమ్మన్నంక పొమ్మంటే పోడు. రేపటి సంది రెండు బకెట్లు పెట్టు. గా మాట మాత్రం ఇగ అనకు. నేనొచ్చినా అనకు. నేనే నీ ముంగటికొస్త."

మానిటర్‌ను గోదావరిలో పారేయాలని ఉంది వనజకు. కానీ ఆడిట్ నడుస్తోంది. అది లేకపోతే తప్పు పడుతుంది, తప్పు పడితే హైదరాబాద్. తన ఖర్మ కాకపోతే ఇన్ని మానిటర్లలో ఇదొక్కటే ఎందుకు కుదరాలి? పళ్లు కొరుక్కుంటూ దాని ముందే కూర్చుంది. రోజూ రెండు బకెట్లు పెట్టింది. రెండోది చప్పుడు లేకుండా ఖాళీ అయ్యేది. బాపు ఆమె ముందుకొచ్చి ముఖం చూపించి, మాట కోసం ఒక్క క్షణం ఆగి, ఊరికే పోయేవాడు.

ఆడిట్ ఆఖరి రోజు కూడా వానే.

"ఒక్క తప్పు కూడా లేదు వనజా! ఇక హైదరాబాద్ రావక్కర్లేదు. హాయిగా ఇంటి నుంచే చేసుకోండి," అన్నాడు భానుప్రసాద్.

థాంక్స్ చెప్పబోయింది. తెర బూడిద రంగుకు తిరిగింది. చౌకట్టు. అందులో లైటు.

అలవాటైన భయమే కదా అని తల దించుకుంది. మళ్లీ ఎత్తేసరికి దాని పక్కన ఇంకో లైటు ఉంది. ఆ మనిషి కాస్త పొట్టి. కుడి భుజం కిందికి వాలి ఉంది. ఎప్పుడో గనిలో పైకప్పు పెళ్ల పడ్డప్పటి నుంచి బాపు భుజం అలాగే ఉంటుంది.

షిఫ్టు దిగే వేళ ఇంకా కాలేదు. ఫోన్ చేద్దామంటే గనిలోకి ఫోన్ తీసుకుపోనివ్వరు. వెనక్కి తిరుగుదామంటే మెడ తిరగదు.

"బిడ్డా..." వెనక నుంచి బాపు గొంతు. "నీళ్లు కాగినయా?"

ముందుకొస్తానన్నాడు కదా బాపు... ఎందుకు రావడం లేదు? ఆ మాట వింటేనే భూమి మీదికి వచ్చినట్టు అనేవాడు కదా... అనాలా? అనొద్దా?

వనజ ఇంకా ఏమీ అనలేదు. రెండో లైటు మాత్రం ఆ మాట విన్నట్టే మెల్లగా తల ఊపింది.