ముగ్గురి ధార దగ్గర చప్పుడు

గ్రీసు సరిహద్దు వైపు ఎక్కే మా రొదోపీ కొండదారిలో, తొమ్మిదో మలుపు దగ్గర చీకట్లో బండి ఆపకూడదు. తప్పక ఆపాల్సొస్తే ఆపు... ఇంజిన్ మాత్రం ఆపకు.

ఆ రోడ్డు వేసేటప్పుడు కొండ విరిగి ముగ్గురు కూలీల మీద పడిందట. తవ్వి తీద్దామనుకునే లోపల మళ్లీ విరిగిందట. రెండు రోజులపాటు లోపల్నించి రాతిమీద కొడుతూనే ఉన్నారట — టక్... టక్... టక్... మూడో రోజు ఏమీ వినపడలేదు. తర్వాత అక్కడే రాతిగోడ కట్టి, ఇనప గొట్టం పెట్టి, కొండ ఊటని దాంట్లోకి మళ్లించారు. ముగ్గురి ధార అంటారు. నీళ్లు చాలా బాగుంటాయి. పగటిపూట అందరూ తాగుతారు.

వెలిచ్కా మాత్రం చీకట్లోనే ఆపేది. ఆమెకి వేరే దారి లేదు.

ఆమె మొగుడు అసెన్ పోయిన ఫిబ్రవరిలో చనిపోయాడు. కింద ఊళ్లోని బేకరీ నుంచి పై ఊళ్లకి రొట్టె చేరవేసేవాడు. అతను పోయాక ఆ పాత వ్యాను ఆమె నడుపుతోంది. మూడున్నరకి రొట్టె ఎక్కించుకుని బయల్దేరితే, ఎక్కుడులో తొమ్మిదో మలుపుకొచ్చేసరికి బండి వేడెక్కి పొగలు కక్కేది. అక్కడ ఆపి, ఇంజిన్ని అలా తిరగనిస్తూ, కాస్త చల్లబడ్డాక రేడియేటర్లో నీళ్లు పోసుకుని కదిలేది.

భయం వేయదా అని అడిగేవాళ్లు. వెయ్యదు అనేది. గొప్పకి కాదు. ఫిబ్రవరి నుంచీ ఆమెకి ఏదీ తగలడం లేదు. అన్నం ఉప్పగా ఉందో చప్పగా ఉందో తెలిసేది కాదు. మా వాడుక ప్రకారం వాకిలి మీద అంటించిన, అసెన్ ఫోటో ఉన్న చావు కబురు కాగితం వానకి చిరిగి వేలాడుతుంటే, దాన్ని తప్పించుకుని లోపలికి పోయేది. అంతే.

అక్టోబరులో ఒక సోమవారం తెల్లవారుజామున — ధార దగ్గర ఆగింది. డబ్బా పట్టుకుని దిగింది.

టక్... టక్... టక్.

చప్పుడు ఆగింది. మళ్లీ — టక్... టక్... టక్.

బానెట్ వైపు చూసింది. "ఇంజినే," అనుకుంది. నీళ్లు పోసి వెళ్లిపోయింది.

మంగళవారమూ అంతే.

బేకరీలో రొట్టెలు కాల్చే పెన్కా గుసగుసగా అంది. "ఒసే, అది ఇంజిన్ కాదే. నీ మొగుడు పిలుస్తున్నాడు."

"ముప్పై ఏళ్లు కాపురం చేశాను," అంది వెలిచ్కా, రొట్టెల పెట్టె ఎత్తుతూ. "ఒక్కనాడు తలుపు తట్టి వచ్చిన మనిషి కాదు. కేకేసేవాడు."

ఆ మధ్యాహ్నమే బండిని మెకానిక్ కామెన్ దగ్గరికి తీసుకెళ్లింది. అరవై దాటిన మనిషి. చేతుల కంటే నోటికి పని ఎక్కువ, కానీ చెవి మంచిది.

"చప్పుడు అడుగునుంచి బరువుగా వస్తోందా, పైనుంచి తేలిగ్గా వస్తోందా?"

"ఎవరో తలుపు తట్టినట్టు వస్తోందన్నా."

"ఎక్కుడులోనా?"

"ఆగి ఉన్నప్పుడు. అక్కడొక్కచోటే."

"ఎక్కడ?"

చెప్పింది. కామెన్ ఆమెకేసి చూసి, కీడు తగలకుండా ఎడమ భుజం మీదుగా మూడుసార్లు ఉమ్మి, పనిలో పడ్డాడు.

పొడుగాటి స్క్రూడ్రైవర్ మొన ఇంజిన్ కి ఆనించి, పిడిని చెవికి నొక్కుకుని, జానెడేసి జరుగుతూ విన్నాడు. డాక్టరు గుండె చూసినట్టే. ప్లగ్గుల వైర్లు ఒక్కొక్కటే పీకి విన్నాడు. ఆయిల్ పుల్ల తీసి వేళ్లతో రుద్ది, వెలుగులో పెట్టి చూశాడు — ఇనప రజను లేదు. దగ్గర్లోని ఎక్కుడు మీద వ్యానుని నాలుగుసార్లు ఎక్కించి దించాడు. చప్పుడే లేదు.

"పసిపిల్లలా నిద్రపోతోంది ఇది," అన్నాడు. అయినా ఆయిల్ మార్చాడు. ఇంజిన్ కూర్చునే దిమ్మల బోల్టులు బిగించాడు. "ఇక కొట్టదులే."

బుధవారం — టక్... టక్... టక్.

వెలిచ్కా వచ్చి ఆ మాటే చెప్పింది. బండి చెడితే పై ఊళ్ల దారి ఇంకొకరికి ఇచ్చేస్తానన్నాడు బేకరీ యజమాని. ఆ దారి కూడా లేకపోతే తెల్లారి ఎందుకు లేవాలో ఆమెకి తెలియదు. ఆ సంగతి కామెన్ కి చెప్పలేదు. ఆయనే ఆమె మొహం చూసి, "పద, రేపు నేనొస్తాను. అక్కడే వింటాను," అన్నాడు.

గురువారం ఇద్దరూ వెళ్లారు. కామెన్ కోటు జేబులో చిన్న రకియా సారా సీసా. దారంతా ఒకటే వాగుడు. ఏడో మలుపు దాటాక మాట తగ్గింది. ఎనిమిది దాటాక... ఆగిపోయింది.

ధార దగ్గర వ్యాను ఆగింది. పొగమంచు. గొట్టంలోంచి నీళ్లు పడుతున్న చప్పుడు. ఇంజిన్ మెల్లగా గురగురమంటోంది.

టక్... టక్... టక్.

కామెన్ గబగబా బానెట్ ఎత్తి, స్క్రూడ్రైవర్ ఆనించి చెవి పెట్టాడు. చాలాసేపు విన్నాడు.

"తొక్కు," అన్నాడు.

ఆమె తొక్కింది. ఇంజిన్ హోరెత్తింది.

"వదిలెయ్... మళ్లీ కొంచెం తొక్కు."

తొక్కింది. ఇంజిన్ వేగం పెరిగింది. ఆ చప్పుడు మాత్రం పెరగలేదు. తన పాటికి తను — టక్... టక్... టక్... ఆగడం. మళ్లీ టక్...

కామెన్ తల ఎత్తాడు. గొంతు తగ్గించి అన్నాడు. "ఇంజిన్లో కొట్టే చప్పుడైతే ఇంజిన్ తో పాటు పరిగెత్తాలి వెలిచ్కా. మధ్యలో ఊపిరి తీసుకోదు."

"అయితే?"

"...ఆపెయ్."

తాళం తిప్పింది. ఇంజిన్ ఆగింది.

నీళ్ల చప్పుడు. ఇంకేమీ లేదు. ఒక నిమిషం...

టక్... టక్... టక్.

రాతిగోడ లోపల్నించి!

కామెన్ చేతిలోని స్క్రూడ్రైవర్ రోడ్డు మీద పడింది. సిలువ గుర్తు వేసుకున్నాడు. "ఎక్కు. ఎక్కు తల్లీ, పోదాం..."

వెలిచ్కా ఎక్కలేదు. భయపడాలని తెలుస్తూనే ఉంది. భయం ఉండాల్సిన చోట చెయ్యి పెట్టి తడుముకున్నట్టయింది — ఖాళీ. టార్చి తీసుకుని, గోడ చివర ధార నీళ్లు లోయలోకి దిగే చోటికి నడిచి, కిందకి వంగింది.

"ఎవరూ?"

చప్పుడు ఆగిపోయింది.

తర్వాత... చాలా కింద... ఎవరో దగ్గారు.

పెట్టెలు కట్టే తాడు పట్టుకుని ముందు కామెనే దిగాడు. దెయ్యానికి వణికిన మనిషి, దగ్గు వినగానే పాతికేళ్లవాడైపోయాడు. ముప్పై అడుగుల కింద, ధార నీళ్లు పారే వాగు ఒడ్డున, ఆకుల్లో కూరుకుపోయి పడున్నాడు దిమో. పుట్టగొడుగులు ఏరుకునే ఒంటరి ముసలాడు. ఏటా అక్టోబరులో ప్లోవ్దివ్ పట్నంలో చెల్లెలింటికి పోతాడు కాబట్టి, కనపడలేదని ఎవరూ వెతకలేదు. ఆదివారం పొద్దుగూకేవేళ కాలు జారిందట. తొడ విరిగింది. పక్కనే నీళ్లు ఉండబట్టి, ఒంటిమీద గొర్రెతోలు కోటు ఉండబట్టి బతికాడు.

ఇద్దరూ కలిసి అతన్ని పైకి లాగేసరికి తూర్పు తెల్లబడింది. వ్యాను వెనక పడుకోబెట్టారు. ఒళ్లు మంచుగడ్డలా ఉంది. వెలిచ్కా పెట్టెలు తెరిచి, ఇంకా వెచ్చగా ఉన్న రొట్టెలు తీసి అతని చుట్టూ పేర్చింది. చంకల్లో, పొట్టమీద, పాదాల దగ్గర. పైన గోతాలు కప్పింది. బండి తిప్పి ఆసుపత్రి వైపు పోనిచ్చింది.

కామెన్ అతని పక్కనే కూర్చుని రెండు చుక్కల రకియా పెదాలకి అద్దాడు. దారంతా నవ్వే. కళ్లల్లో నీళ్లు.

"దెయ్యాలట! ముగ్గురు కూలీలట! మా తాతల కాలం నుంచీ హడలి చచ్చాం కదరా. ఇదిగో, తోలుకోటేసుకున్న దెయ్యం!"

దిమో రొట్టెల వెచ్చదనానికి మెల్లగా కళ్లు తెరిచాడు.

"నీ తెలివికి దండం పెట్టాలి," అన్నాడు కామెన్. "ఆ గొట్టం మీద కొట్టబట్టి బతికావు. అరిస్తే ఎవడు వినేవాడు?"

"అరిచాను... మొదటి రాత్రే గొంతు పోయింది," అన్నాడు దిమో. "ఏ గొట్టం?"

"ధార గొట్టం. రాయి పట్టుకుని కొట్టావుగా?"

"నా చేతికి ఆకులు తప్ప ఏం అందలేదు కామెన్. గొట్టం పైనెక్కడో ఉంది. నేను కొట్టలేదు."

వ్యాను మలుపు తిరిగింది.

"మీరే అనుకున్నా," అన్నాడు దిమో. గాలి అంత సన్నగా వస్తోంది మాట. "రాత్రంతా పైన ఎవరో బండి బాగుచేసుకుంటున్నారు, మనుషులున్నారు, పర్లేదు అనుకున్నా... కన్ను మూతపడబోయినప్పుడల్లా కొట్టేవాళ్లు. నాలుగు రాత్రులూ నిద్రపోనివ్వలేదు."

వెలిచ్కా బండి రోడ్డు మధ్యలోనే ఆపేసింది.

"ఏమైంది?" అన్నాడు కామెన్ వెనకనుంచి.

"భయమేస్తోందన్నా," అంది.