కరగని పొడి

"మా నాన్నని మీరే కాపాడాలండీ. ఆయన వేసిన ఐసు ఎవరి కాలూ విరగ్గొట్టదు!"

ఆ మాట అంటూనే వచ్చినావిడ కుర్చీలో కూలబడింది. పంతులమ్మ మంచినీళ్ళ గ్లాసు ఆమె చేతికిచ్చి నోటుబుక్కు తెరిచింది. ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పి రిటైరయ్యాక, ఇంట్లో గోళ్ళు గిల్లుకుంటూ కూర్చోలేక, పంతులమ్మ ఓ డిటెక్టివ్ దగ్గర అసిస్టెంటుగా చేరింది. ఆయన్ని అందరూ భూతద్దంగారు అంటారు. నిజానికి ఆయన జేబులో భూతద్దమే లేదు. ఏదైనా సరే వేళ్ళతో తడిమి చూస్తాడు. ఆ వేళ్ళ మీద పంతులమ్మకు అంత గురి.

వచ్చినావిడ తండ్రి స్కేటింగు హాల్లో ఐసు మేస్త్రి, ఇరవై ఆరేళ్ళ సర్వీసు. మొన్న పొద్దున ఓ పదహారేళ్ళ పిల్ల అక్కడ గెంతు సాధన చేస్తూ పడి మోకాలు విరగ్గొట్టుకుంది. ఇక స్కేటింగు కుదరదని డాక్టర్లు తేల్చేశారు. ఆ పిల్లను అంబులెన్సు ఎక్కించి పంపాక హాల్లో మిగిలిన కోచ్, ఐసులో గుంత ఉందని ఫొటో తీసి చూపించాడు. మేస్త్రి నిర్లక్ష్యమే కారణమని మేనేజరు పోలీసులకు రాయబోతున్నాడు.

"ఆ కోచ్ ఎవరు?" అడిగాడు భూతద్దంగారు.

ఆమె తల దించుకుంది. "మా ఆయనండీ."

"అంటే ఆయన అబద్ధం చెప్పాడంటారా?"

"అయ్యో, అలా అనట్లేదండీ. పొరబడ్డారేమో అంటున్నా. అటు నాన్న, ఇటు ఆయన. అడకత్తెరలో పోకచెక్కలా ఉంది నా బతుకు."

ఆమె ఫోనులో ఆ ఫొటో ఉంది. పంతులమ్మ చూసినది చూసినట్టు రాసుకుంది: అరచేయంత గుంత. దానికి జానెడు ఇవతలే ఆగిపోయిన, మూడు వేళ్ళ వెడల్పున ఐసును పామినట్టున్న గుర్తు. ఆ గుర్తు మీద చెదిరిన ఐసు పెళ్ళలు.

ముగ్గురూ హాలుకు వెళ్ళేసరికి ఐసును గడ్డకట్టించే చలియంత్రం చప్పుడు లేదు. మేనేజరు పొద్దున్నే దాన్ని ఆపించేశాడు. ఐసు అంచుల్లో నీళ్ళు చేరుతున్నాయి. ఫొటోలోని గుంత అప్పటికే చిన్న మడుగైపోయింది. మేస్త్రి గట్టు మీద కూర్చుని దాన్నే చూస్తున్నాడు.

"కింద గొట్టాలుంటాయండీ," అన్నాడాయన, అడగకముందే. "గొట్టాల్లో చలి పారాలి. పైన వేడినీళ్ళు పల్చగా చల్లాలి. అది గడ్డకట్టాక ఇంకో పొర. అలా పది రోజులు. చన్నీళ్ళు పోస్తే తెల్లగా, గుల్లగా వస్తుంది. నాది చూడండి, అద్దమే. మొన్న తెల్లవారుజామున ఐదింటికి చివరి పొర వేశా. అప్పుడు గుంతా లేదు, గింతా లేదు."

"పక్కనున్న ఆ చిన్న హాల్లో ఏముంది?" అడిగాడు భూతద్దంగారు.

మేస్త్రి మొహం చిట్లించాడు. "ఐసుకు బదులు ప్లాస్టిక్కు అట్టలు. ఒకదానికొకటి తగిలించి, పైన జారుడు మందు కొడతారు. కరెంటు అక్కర్లేదని మేనేజరు గారికి ముద్దొచ్చాయి. అరగంట తిరిగితే చాలు, బ్లేడు మొద్దుబారిపోతుంది. ఇక్కడ అందరి బ్లేడ్లూ పదును పెట్టేది నేనే. ఆ అట్టల మీద తిరిగిన బ్లేడు నా రాయి మీద పెట్టనని అందరి ముందూ ఒట్టేశా!"

ఆ మాట చెప్పేటప్పుడు ఆయన మెడ నిటారుగా నిలిచింది. భూతద్దంగారు చిన్న హాల్లో వంగి అట్ట మీద అరచెయ్యి రాశాడు. చేతికి తెల్లటి పొడి అంటింది.

ఆ పిల్ల సంచీ రెండు రోజులుగా బట్టలు మార్చుకునే గదిలోనే ఉంది. గదిలో హీటరు కాలుతోంది. భూతద్దంగారు స్కేట్ల బ్లేడు అంచు మీద బొటనవేలి గోరు గీకాడు. పదునుంటే పొట్టు రాలాలి, గోరు చెక్కుచెదరలేదు. బ్లేడుకీ బూటుకీ మధ్య సందులో తెల్లగా ఏదో ఇరుక్కుని ఉంది. దాన్ని తీసి పంతులమ్మ అరచేతిలో పెట్టాడు.

"తడిగా ఉందా, పంతులమ్మగారూ?"

"లేదండీ."

"కాసేపు గుప్పిట్లో ఉంచండి."

పావుగంట తరువాత అందరినీ గట్టు దగ్గరికి పిలిచాడు. మేనేజరు వాచీ చూసుకుంటున్నాడు. కోచ్ మామగారికి ఎదురుపడకుండా కాస్త ఎడంగా నిలబడ్డాడు. ఒక చేత్తో ఆ పిల్ల స్కేట్లు పట్టుకునే పంతులమ్మ గుప్పిట విప్పింది. పొడి పొడిగానే ఉంది.

"ఐసైతే ఈపాటికి నీళ్ళైపోయేది. ఇది ప్లాస్టిక్కు," అన్నాడు భూతద్దంగారు. "పిల్ల పడింది ఐసు మీదే. కానీ అంతకుముందు ఆ అట్టల మీద తిరిగింది. మొద్దుబారిన బ్లేడుతోనే మర్నాడు ఐసు మీదకొచ్చింది. పదునున్న బ్లేడు దిగినచోట దారమంత గీత పడుతుంది. ఈ ఫొటోలో మూడు వేళ్ళ వెడల్పున పామింది. అంటే బ్లేడు పట్టు దొరక్క పక్కకి జారింది. అదీ గుంతకి జానెడు ఇవతలే. గుంత పెళ్ళలు ఆ గుర్తు మీద పడున్నాయి. అంటే గుంత తవ్వింది పిల్ల పడ్డాకే. పిల్లని అంబులెన్సు ఎక్కించాక ఇక్కడ మిగిలిందీ, ఫొటో తీసిందీ ఒక్కరే."

"నేనేం తవ్వలేదు!" అన్నాడు కోచ్. అన్నాక, మీ పేరు ఎవరెత్తారన్నట్టు అందరూ తనవైపే చూడటం గమనించి, మొహం చేతుల్లో దాచుకున్నాడు.

"యజమానులకి వీడియో తీసి పంపాలన్నారు మేనేజరుగారు. అట్టల మీద కూడా గెంతొచ్చని చూపించాలిట. ముందురోజు సాయంత్రం ఆ పిల్లతో గంటసేపు చేయించా. కాదంటే ఉద్యోగం ఉండదని భయం," అన్నాడు కోచ్.

"బ్లేడు పదును పెట్టించాల్సింది కదా?" పంతులమ్మ ఉండబట్టలేక అడిగింది.

కోచ్ మామగారి వైపు చూశాడు. "ఇక్కడ ఉన్నది ఒక్కటే రాయి. మామయ్యగారు ఒట్టేశారు. పట్టుకెళ్తే ఎక్కడ తిరిగిందో ఆయన గోరు పెట్టి చెప్పేస్తారు. ఒక్క పూటకి ఏం కాదులే అనుకున్నా. ఆ పిల్ల ప్రాణమంతా ఆ కాళ్ళలోనే ఉందండీ. పిల్ల పడ్డప్పుడు వచ్చిన చప్పుడు ఇంకా నా చెవుల్లోనే ఉంది. బుర్ర పనిచెయ్యలేదు. తప్పు ఐసుదనిపించాలని స్కేటు మడమతో గుంత తవ్వేశా."

భార్య భర్త వైపూ, తండ్రి వైపూ చూసింది. తండ్రిని కాపాడమని తనే వెళ్ళి పిలుచుకొచ్చింది. ఇప్పుడు ఎవరి కోసం ఏడవాలో ఆమెకే తెలియడం లేదు. ఇన్ని కేసుల్లో మొదటిసారి భూతద్దంగారు సరిగ్గా చెప్పకపోయి ఉంటే బాగుండునని పంతులమ్మకు అనిపించింది.

"మేస్త్రి తప్పు లేదని రాసిస్తారా?" మేనేజరును అడిగాడు భూతద్దంగారు.

"రాసిస్తా. కానీ మెషీను మాత్రం మళ్ళీ వెయ్యలేం. ఈ హాలుకీ అట్టల లారీ బయల్దేరిపోయింది."

కరిగిపోతున్న ఐసును గట్టిపరిచే విద్య భూతద్దంగారి దగ్గర లేదు.

మేస్త్రి లేచి, పంతులమ్మ చేతిలోంచి ఆ స్కేట్లు తీసుకున్నాడు. గోరు పెట్టి చూశాడు. "నేను ఆ ఒట్టు పెట్టుకోకపోతే వీడు తెచ్చేవాడు," అన్నాడు మెల్లగా. "తిట్టుకుంటూనే పదును పెట్టి ఇచ్చేవాణ్ణి."

"నాన్నా, ఇప్పుడెందుకు? ఆ పిల్ల ఇంక వేసుకోదుగా."

ఆయనకు వినిపించినట్టు లేదు. మూలనున్న పనిగదిలోకి వెళ్ళి రాయి తిప్పాడు. హాలంతా కీచుమని మోగింది. కాసేపటికి కోచ్ కూడా లోపలికి వెళ్ళి, రెండో బూటు పట్టుకుని నిలబడ్డాడు. మేస్త్రి మొదటిది పక్కన పెట్టి, అల్లుడి మొహం చూడకుండానే రెండోదాని కోసం చెయ్యి చాపాడు.