పాటల కోసం వచ్చే ఆవిడ

కూతురు ఒక చేత్తో టీ గ్లాసు పట్టుకుని, ఇంకో చేత్తో బూటు తొడుక్కుంటూ, నోట్లో జడపిన్ను పెట్టుకుని తలుపు దగ్గర తంటాలు పడుతోంది. తల్లి గొడుగు పట్టుకుని పక్కనే నిలబడింది.

"ఈ పూటైనా పెందరాళే వస్తావా చిట్టీ?"

"ఎక్కడమ్మా! క్రిస్మస్ దగ్గరపడింది. కానుకలు చుట్టించుకోవడానికి జనం మీద పడిపోతున్నారు. డబుల్ డ్యూటీ వేయించుకున్నాను."

"మళ్ళీనా? ఒళ్ళు హూనమైపోదూ?"

"ఇంట్లో కూర్చుని చేసేదేముంది?"

ఆ మాట విసిరేసి మెట్లు దిగి వెళ్ళిపోయింది. గొడుగు తల్లి చేతిలోనే ఉండిపోయింది. పిలుద్దామనుకుని మానేసింది. ఈ మధ్య ఆవిడకి అన్నీ అనుకుని మానేయడమే అలవాటైపోయింది.

వీధిలో అందరూ ఆవిడని క్యాసెట్లావిడ అంటారు. రైల్వే స్టేషనుకి ఎదురుగా ఉండే పాటల దుకాణంలో జుట్టు నెరిసేదాకా పనిచేసింది. క్యాసెట్ల కాలం పోయి దుకాణం మూతపడినా పిలుపు మాత్రం మిగిలిపోయింది. కట్టుకున్నాయన దొరికింది కూడా ఆ దుకాణంలోనే. ఏదో పాట కావాలని వచ్చి, దాన్ని కూనిరాగం తీసి చూపించబోయి, దుకాణంలో ఉన్నవాళ్ళందరినీ కడుపుబ్బ నవ్వించిన మహానుభావుడు. ఆ పాట ఏదో ఆవిడకి ఆ రోజు తెలియలేదు. తెలుసుకోవడానికి పెళ్ళి చేసుకోవాల్సి వచ్చిందని ఆయన జీవితాంతం వేళాకోళం ఆడేవాడు.

డిసెంబరు వచ్చిందంటే ఆ ఇంట్లో తెల్లారడమే క్రిస్మస్ పాటలతో తెల్లారేది. భక్తి పాటలు కావు, సినిమా పాటల్లా హుషారుగా సాగే పాప్ పాటలు. మంచు బండీ, గంటలూ, దూరాన ఉన్న ప్రియుడూ, ఇంటికి రమ్మని పిలుపూ. పాటల అసలు పేర్లతో వాళ్ళకి పనిలేదు. ఇంట్లో జరిగినదాన్ని బట్టి పేరు పెట్టుకునేవాళ్ళు. ఒకటి పాలు పొంగిన పాట, ఒకటి పన్ను ఊడిన పాట, ఇంకోటి అత్తగారు అలిగిన పాట. "అత్తగారు అలిగిన పాట పెట్టవే" అని ఆయన అరిస్తే, అత్తగారు లోపలి గదిలోంచి, "నేనేం అలగలేదు!" అని అరిచేది. చిట్టి పడీపడీ నవ్వేది.

ఆయన పోయారు. ఆ తరవాత మొదటి డిసెంబరులో, అంటే పోయినేడాది, ఒక సాయంత్రం క్యాసెట్లావిడ ధైర్యం కూడదీసుకుని ప్లేయరు పెట్టింది. కాసేపు ఏడ్చింది, కాసేపు పాడింది. కాస్త తేలికపడుతోంది అనుకునేసరికి కూతురు వచ్చింది. కొత్తగా చేరిన ఉద్యోగం, పెద్ద దుకాణం, పొద్దుటినుంచీ అవే పాటలు.

"అమ్మా, నీకు దండం పెడతాను, ఆపెయ్. చెవుల్లో ఇవే మోగుతున్నాయి."

ఆవిడ చప్పున ఆపేసింది. మర్నాడు పాతసామాన్ల వాడు కేకేసుకుంటూ వస్తే ప్లేయరూ క్యాసెట్లూ కలిపి ఇచ్చేసింది. కూతురికి ఇష్టంలేనిది తనకి మాత్రం ఎందుకు? సాయంత్రం చిట్టి ఖాళీ అలమరా వైపు చూసింది, ఏమీ అనలేదు. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని తిన్నారు. అంతే, ఆ ఇంటికి నోరు పడిపోయింది.

ఇక గొడుగు సంగతి. పోయినేడాది ఆ నెలాఖరులో కూడా చిట్టి ఒకసారి ఇలాగే మరిచిపోతే, ఇద్దామని ఆ దుకాణానికి వెళ్ళింది క్యాసెట్లావిడ. బూట్ల విభాగం దగ్గరికి వచ్చేసరికి కాళ్ళు ఆగిపోయాయి. పైనుంచి పాట వస్తోంది. ఎదురుగా, కాస్త దూరంలో, కానుకలు చుట్టే కౌంటరు దగ్గర కూతురు రంగుకాగితం మడతపెడుతోంది. పెదవులు కదులుతున్నాయి. అలమరా ఖాళీ అయినప్పటినుంచీ ఇంట్లో అవుననీ కాదనీ తప్ప విడవని పెదవులు! బూట్లు తొడిగి చూసుకునే బల్ల మీద అలాగే కూలబడింది ఆవిడ. గొడుగు ఇవ్వకుండానే తిరిగి వచ్చేసింది.

ఈ డిసెంబరులో అదే పనైపోయింది. స్నేహితురాలింటికి అని చెప్పి రోజూ అక్కడికే. కౌంటరు నుంచి చూస్తే బూట్ల అరలు అడ్డు, బల్ల మీది మనిషి కనపడదు. బల్ల మీంచి చూస్తే మాత్రం అరల సందులోంచి కౌంటరు కనపడుతుంది. బూట్లు అమ్మే అమ్మాయికి మొదట్లో అనుమానం వచ్చినా, తరవాత అలవాటైపోయింది.

"ఆంటీ, ఇవాళ నల్లవి చూస్తారా, గోధుమరంగువా?" అని నవ్వేది.

"నల్లవి ఇవ్వమ్మా. కొంటానని మాత్రం ఆశ పెట్టుకోకు."

"తెలుసులెండి. మీరు పాటల కోసం వచ్చే ఆవిడ."

ఆవిడ నవ్వి ఊరుకునేది. కాదని ఎలా చెప్తుంది?

ఆ రోజు కూడా వెళ్ళింది. మధ్యాహ్నం, జనం కిటకిట. ఉన్నట్టుండి పాలు పొంగిన పాట మొదలైంది. ఆవిడకి ఒళ్ళు తెలియలేదు. ఒక కాలికి నల్లబూటు, ఇంకో కాలికి తన చెప్పు, గొంతెత్తి పాడేసింది! పక్కనున్నవాళ్ళు తిరిగి చూశారు. ఎవరో పిల్లలు నవ్వారు. ఒకాయన, "మేం కూర్చోవడానికి చోటుండదు గానీ కచేరీలకి ఉంటుంది" అని గొణుక్కుంటూ ఫ్లోర్ మేనేజరు చెవిన వేశాడు.

మేనేజరు మంచివాడే గానీ నెమ్మదిగా మాట్లాడటం రాని మనిషి. ఆ సంగతి తనకీ తెలుసు. అందుకే నేరుగా కౌంటరు దగ్గరికి వెళ్ళి, "అమ్మాయ్, నువ్వు మృదువుగా మాట్లాడతావు. బూట్ల దగ్గర ఒక పెద్దావిడ రోజూ వచ్చి కూర్చుంటోందట. కాస్త నచ్చజెప్పి పంపించెయ్" అన్నాడు. తనూ వెనకే వచ్చాడు.

అరల మలుపు తిరిగి చిట్టి అక్కడే నిలబడిపోయింది.

"ఏం, తెలిసినావిడా?" అన్నాడు మేనేజరు.

చిట్టి నోరు తెరిచింది. మాట రాలేదు. చుట్టూ జనం, తోటి పనివాళ్ళు, నవ్వుతున్న పిల్లలు. నెలాఖరుకి ఉద్యోగం ఖాయం చేసేది ఈ మేనేజరే. కూతురి మొహంలో రంగు మారడం చూసింది తల్లి. ఇంకేం ఆలోచించలేదు.

"నేనెవరో ఈ అమ్మాయికెలా తెలుస్తుంది బాబూ? కాళ్ళు లాగితే కూర్చున్నాను. వెళ్ళిపోతాను. క్షమించండమ్మా."

కన్నకూతుర్ని 'అండి' అంది. బూటు విప్పి, జాగ్రత్తగా పెట్టెలో పెట్టి, తలుపు వైపు నడిచింది. వెనకనుంచి "అమ్మా" అని వినపడుతుందేమోనని చెవులు రిక్కించింది. వినపడింది పాట ఒక్కటే.

ఇంటికొచ్చి వంట చేసింది. తనకి ఆ బల్ల కూడా లేకుండా పోయింది. రేపటినుంచి పొద్దున్న తలుపేసుకున్నది మొదలు మళ్ళీ తలుపు తీసేదాకా గోడలతో మాట్లాడుకోవాలి. దానికన్నా చిట్టి మొహం ఎలా చూడాలో ఆవిడకి తోచలేదు.

చిట్టి ఆ రోజు రెండో డ్యూటీ చెయ్యకుండా సాయంత్రానికే వచ్చేసింది. సంచి కుర్చీలో పడేసింది.

"ఎన్నాళ్ళనుంచి వస్తున్నావు?"

"చెయ్యి కడుక్కో, వడ్డిస్తాను."

"అడిగినదానికి చెప్పమ్మా!"

"ఇక రానులే. నీ ఉద్యోగానికి ఏమన్నా..."

"ఉద్యోగం తగలబడిపోనీ! నువ్వెవరో నాకు తెలియదని ఎందుకన్నావు? అనమని నేనడిగానా? నువ్వనేశావు, నేను నోరు మూసుకుని నిలబడ్డాను. సొంత తల్లిని పంపించేసి మళ్ళీ వెళ్ళి కాగితాలు చుట్టానమ్మా! చేతులు ఆడితేనా!" అంటూ భోరుమంది.

తల్లి దగ్గరికి వెళ్ళబోయింది. చిట్టి చెయ్యి తోసేసింది.

"పాటలు కావాలంటే ఇంట్లో పెట్టుకోవచ్చుగా. అందరిలో అలా... దిక్కులేనిదానిలా..."

"నువ్వేగా వద్దన్నావు."

"నేనా?"

"చెవుల్లో మోగుతున్నాయి, ఆపమన్నావుగా."

చిట్టి కళ్ళు తుడుచుకోవడం ఆపి తల్లి వైపు వింతగా చూసింది. "ఆ పూటకి ఆపమన్నానమ్మా! తలనొప్పితో చచ్చిపోతున్నాను. మర్నాడు వచ్చి చూస్తే అలమరా ఖాళీ. నాన్న గుర్తొచ్చి తట్టుకోలేక నువ్వే తీసేశావనుకున్నాను. ఇక నాన్న ఊసెత్తితే నీకెక్కడ బాధ కలుగుతుందోనని ఏడాదిగా నోటికి తాళం వేసుకున్నాను. ఈ ఇంట్లో ఉండలేకేగా డబుల్ డ్యూటీలు చేస్తున్నది!"

క్యాసెట్లావిడ కుర్చీలో కూలబడింది. "ఒక్క మాట అడిగితే పోయేది కదే."

"నువ్వడిగావా?"

అడగలేదు. ఇద్దరూ ఒకరి మీద ఒకరు జాలిపడి, ఒకరినొకరు ఒంటరిని చేసుకున్నారు. ఇంతకన్నా తెలివితక్కువతనం ఎక్కడైనా ఉంటుందా!

కాసేపటికి చిట్టి గొంతు తగ్గించి అంది. "పోనీ, పాటలు ఏ దుకాణంలోనైనా వేస్తారుగా. నా దగ్గరికే ఎందుకొచ్చావు?"

"పాటల కోసమని వాళ్ళనుకున్నారు. నేను వచ్చేది నువ్వు పాడుతుంటే చూడ్డానికి."

"నేను పాడనమ్మా. నాకా పాటలు వింటేనే చిరాకు."

"పాడతావే పిచ్చిదానా! కాగితం చుడుతున్నంతసేపూ పెదవులు కదులుతూనే ఉంటాయి. అందులోనూ పల్లవి రాకముందే ఎత్తుకుంటావు. మీ నాన్న ఎత్తుకునేవారు చూడు, అచ్చం అలాగే. అంత దూరానికి నీ గొంతు వినపడదు గానీ, నాకు మీరిద్దరూ కనపడేవాళ్ళు."

చిట్టి తన పెదవుల మీద చెయ్యి వేసుకుంది. తనకే తెలియకుండా తండ్రిని అన్నాళ్ళూ అక్కడ దాచుకుందా? నేలమీద కూర్చుని తల్లి ఒడిలో తలపెట్టుకుంది. ఇద్దరూ ఏడ్చారు. ఆయన పోయాక కలిసి ఏడవడం అదే మొదటిసారి. వంట చల్లారిపోయింది, అయినా ఇద్దరూ కడుపునిండా తిన్నారు.

మర్నాడు పొద్దున్న చిట్టి తల్లి చెయ్యి పట్టుకుని బయల్దేరదీసింది. "నేను రాను, నాకు తల కొట్టేసినట్టుంటుంది" అని ఆవిడ మొరాయించినా వినలేదు. తీసుకెళ్ళి సరాసరి కౌంటరు పక్కన స్టూలు వేసి కూర్చోబెట్టింది. మేనేజరు చూశాడు. కనుబొమలు ముడేసుకుని వచ్చాడు.

"సార్," అంది చిట్టి. కాగితం వదిలేసి, లేచి నిలబడి, బూట్ల అమ్మాయికీ వరుసలో నిలబడ్డవాళ్ళకీ అందరికీ వినపడేలా అంది. "ఈవిడ మా అమ్మ. నిన్న చెప్పలేకపోయాను. తప్పు నాదే. మీరు నన్నేమనుకున్నా సరే, ఈవిడ మా అమ్మ."

మేనేజరు తల్లినీ కూతుర్నీ మార్చి మార్చి చూశాడు. "అయ్యో, నిన్ననే చెప్పొద్దూ!" అని తల గోక్కున్నాడు. "సరే, కూర్చోనివ్వు. పాట మాత్రం కాస్త మెల్లగా పాడమను."

పాడటానికి ఆవిడకి గొంతు పెగిలితే కదా! పైనుంచి పాట వెనక పాట వస్తూనే ఉంది. ఒక్కటీ ఆవిడ చెవికెక్కలేదు. కూతురు అన్న రెండు ముక్కలే చెవుల్లో మోగుతుంటే, చేతిరుమాలు మొహానికి అడ్డం పెట్టుకుని, నవ్వుతూ ఏడుస్తూ కూర్చుంది.