కుడి చెయ్యి మిగిలిన బొమ్మ

మా బడిలో పిల్లలకు బొమ్మలు నేర్పేటప్పుడు నేను మొదట చెప్పేది గీత గురించి కాదు. మీ ఎదుట కూర్చున్న మనిషికి, పని అయ్యాక, "చాలు" అని చెప్పండర్రా అంటాను. పిల్లలు నవ్వుతారు. నేనూ ఒకప్పుడు నవ్వినవాణ్ణే.

అప్పుడు నాకు ముప్ఫై ఏళ్లు. బొలోన్యా పట్నంలో చిత్రకారుడు లత్తాంజియో గురువుగారి దగ్గర రంగులు నూరేవాణ్ణి. బొమ్మకు కూర్చోవడానికి వేరే మనుషులు ఉండేవారు కాదు. ఆయనకు సన్యాసి కావలసినా సైనికుడు కావలసినా దగ్గర పనిచేసే మేమే. కట్టుబాటు ఒక్కటే: ఆయన "చాలు" అనేదాకా కదలకూడదు.

ఆ మధ్యాహ్నం ఎండ పేలిపోతోంది. చిక్కుడు పులుసు తాగి మేడ మీది గదిలోకి వచ్చాను. పొట్టి ముక్కాలిపీట మీద కూర్చుని, తల వంచి, చెమటకు అంటుకుపోయిన మేజోడును ఎడమ చేత్తో లాగుతున్నాను. కుడి చెయ్యి ఊరికే కిందికి వేలాడుతోంది.

"అలాగే ఉండు!" గురువుగారు గబగబా వెళ్లి తలుపు గడియ వేసొచ్చారు.

"ఈ కంపు మేజోడుతోనా, గురువుగారూ?"

"కంపు కాగితానికి అంటదులే. నోరు మూసుకో. ఇప్పుడు నోరే గీస్తున్నాను."

ఎర్రసుద్ద కాగితం మీద గరగరలాడింది. గదినిండా వజ్రపు బంక ఉడికిన వాసన, నూనె వాసన. ముఖం అయింది. రొమ్ము, కాళ్లు, ఎడమ చెయ్యి అయ్యాయి. కుడి మోచేతి దాకా వచ్చి సుద్ద ఆగింది. గురువుగారు గుండె మీద చెయ్యి వేసుకున్నారు. ఏదో చిన్న అనుమానం వచ్చినట్టు నా వైపు చూశారు. "చాలు" అనకుండానే పక్కకు ఒరిగిపోయారు. ఆయన ఒడిలోని కాగితం జారి నా కాళ్ల దగ్గర పడింది.

లేవబోయాను.

లేవలేకపోయాను.

తిమ్మిరి అనుకున్నాను. అరవబోయాను... పెదవులు విడలేదు. రెప్ప పడలేదు. గురువుగారి నోటి మీద తిరిగిన ఈగ వచ్చి, తెరిచి ఉన్న నా కంటి మీద వాలింది. నెమ్మదిగా నడిచింది. ఊపిరి దారమంత ఆడుతోంది. అదీ సన్నబడుతోంది...

తలుపు చప్పుడైంది. గురువుగారి చెల్లెలు ఓర్సోలా.

"అన్నయ్యా, పులుసు చల్లారిపోతోంది! ఒరేయ్ బియాజో, ఇద్దరూ నిద్రపోయారట్రా? దున్నపోతుల్లారా!" నవ్వుకుంటూ మెట్లు దిగిపోయింది.

కళ్లకు చీకట్లు కమ్ముతున్నాయి. అప్పుడు కదిలింది నా కుడి చిటికెన వేలు.

నా చూపు కాగితం మీదే ఉంది. బొమ్మలో కుడి మోచేతి కింద అంతా తెలుపు. గీసిందేదీ నాది కాదు... గీయనిది ఒక్కటే నాది.

గీతలు చెరపడానికి వాడే రొట్టె ముద్ద కాగితంతోపాటే కింద పడి ఉంది. బొగ్గు గీత రొట్టెతో పోతుంది. ఎర్రసుద్ద పోదు, అలుక్కుంటుంది. ఈ మాట కొత్తవాళ్లకు చెప్పేది నేనే. అయినా అందుకున్నాను. బొమ్మలోని పెదవుల మీద రుద్దాను.

మూతి మీద తోలు ఊడినట్టు మండింది.

"అక్కా... తలుపు..."

ఇంట్లోవాళ్లు వచ్చి తలుపు పగలగొట్టేలోపు రొమ్ము రుద్దాను, మోకాళ్లు రుద్దాను. కీళ్లు ఒక్కొక్కటే వదిలాయి. మూతి మాత్రం ఆనాటి నుంచి ఎడమకు వంకర.

మూడు రోజులు ఒళ్లు తెలియని జ్వరం. లేచేసరికి గురువుగారిని మట్టి చేసేశారు.

"ఆ కాగితం ఏదక్కా?"

ఓర్సోలా అక్క కళ్లు తుడుచుకుంది. "ఆయన చేతికిందే పెట్టి పంపాన్రా. సుద్దముక్క కూడా పెట్టాను. సగం పని వదిలేయడం అన్నయ్యకు ఎప్పుడైనా గిట్టిందా? అక్కడైనా పూర్తి చేసుకుంటాడు."

గోరీ తవ్వించమని ఫాదరు కాళ్లు పట్టుకున్నాను. "జ్వరం తగ్గాక రా నాయనా" అన్నాడాయన.

ఇరవై రెండేళ్లయింది. ఈ కొండ ఊరికి వచ్చి పిల్లల మధ్య పడ్డాను. ఆ కథ అయిపోయిందనే అనుకున్నాను.

పోయిన సోమవారం బడిలో ఒక పిల్ల అడిగింది: "పంతులుగారూ, మీ గోటికి ఆ ఎరుపేంటి?"

చిటికెన వేలు. కుడి చేతిది. ఎర్ర పొడి. కడిగితే పోలేదు. వంచబోతే వంగలేదు. మర్నాడు ఉంగరపు వేలు. నిన్న మధ్య వేలు... మిగిలిన రెండు వేళ్లతో ఇది రాస్తున్నాను. చేతిలో కలం ఆపినా గరగర మాత్రం ఆగడం లేదు.

చెయ్యి పూర్తయ్యాక ఆయన "చాలు" అంటారేమో. ఆ ఒక్క మాట కోసం చెవి ఒగ్గి కూర్చున్నాను. అనకపోతే, "నా చెయ్యి రొట్టెతో తుడవండర్రా" అని పిల్లల్నైనా కేకేద్దామనుకున్నాను.

పొద్దున అద్దంలో చూసుకున్నాను.

ఇరవై రెండేళ్ల నాటి నా వంకర మూతి... తిన్నగా ఉంది. మూసుకుపోయి ఉంది.