కొంగుముడిలో బిళ్ళలు

"నొప్పి బిళ్ళలు ఏమైనా వాడేవాళ్ళా అమ్మా?"

నర్సు సమీరా కాగితం మీంచి తలెత్తి అడిగింది. ప్రేమమ్మ గబుక్కున కూతురివైపు చూసింది. పక్కన మంచం మీద కూతురు ఫెబా... ఇరవై ఆరేళ్ళకే కిడ్నీలు రెండూ చెడి, ముఖం ఉబ్బి, కాళ్ళకు నీరు పట్టి, వారానికి రెండుసార్లు గుంటూరు వెళ్ళి డయాలసిస్ చేయించుకుంటున్న పిల్ల! ఈ ఒక్క ఊళ్ళోనే ఇలాంటివాళ్ళు తొమ్మిదిమంది తేలేసరికి, ఎందుకిలా అవుతోందో కనిపెట్టాలని పెద్దాసుపత్రి డాక్టర్లు ఇంటింటికీ మనుషుల్ని పంపారు. ఏ బోరు నీళ్ళు తాగుతారు, పురుగుమందు ఎవరు కొడతారు, ఎండలో ఎంతసేపు ఉంటారు... అన్నిటికీ గడగడా చెప్పిన ప్రేమమ్మ ఈ ప్రశ్నకు మాత్రం తల దించుకుంది.

"లేదు నర్సమ్మా, ఎప్పుడూ వాడలేదు" అంది ఫెబా, తల్లివైపు చూడకుండా.

ప్రేమమ్మ చెయ్యి తనకు తెలియకుండానే కొంగుముడి మీదికి పోయింది.

పద్నాలుగుమంది ఆడవాళ్ళున్న మిరపకోత ముఠాకు ఆమె మేస్త్రి. జబ్బు పడేదాకా ఫెబా కూడా అందులోదే. పొద్దున్నించీ నడుం వంచి కాయ కోసేవాళ్ళు. చాటుకు పోవడానికి చోటుండదని నీళ్ళు కూడా గుక్కెడే తాగేవాళ్ళు. మధ్యాహ్నం సద్ది తినగానే ప్రేమమ్మ కొంగుముడి విప్పి, అందరి అరచేతుల్లో నొప్పి బిళ్ళలు పెట్టేది. ప్రేమమ్మ ముఠాలో చేరితే నడుం నొప్పే తెలియదని పొరుగూళ్ళలో కూడా పేరు!

నర్సు వెళ్ళాక తల్లి నిలదీసింది. "ఎందుకే అబద్ధమాడావు?"

"ఆ బిళ్ళల వల్లేనని తేలితే, కూతురికి తనే విషం పెట్టుకుందంటారమ్మా నిన్ను! నా సంగతి సరే... నువ్వు ఈ ఊళ్ళో తలెత్తుకు తిరగొద్దా?"

ప్రేమమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది...

శనివారం సాయంత్రం ముఠాలో పనిచేసే సుబ్బరావమ్మ వచ్చి గడపలో కూలబడింది. "వదినా, సోమవారం కోటేష్ గారి చేలో కోతంట. బిళ్ళలు మర్చిపోకు తల్లీ! పోయినసారి నువ్వు రాక, బిళ్ళల్లేక నడుములు పట్టేసి, మమ్మల్ని ఎడ్లబండిలో వేసుకు రావాల్సొచ్చింది!" అని నవ్వింది.

ప్రేమమ్మ నవ్వలేదు. సుబ్బరావమ్మ చెప్పులు విప్పిన చోట, వాచిన పాదాల మీద వాటి పట్టీల గాడి లోతుగా పడి ఉంది. రెండేళ్ళ కిందట ఫెబా పాదాల మీదా సరిగ్గా ఇలాగే...

ఆదివారం ఆరాధనలో సాక్ష్యాలు చెప్పే వేళ పాస్టరు తోమా గారు పిలిచారు. "ప్రేమమ్మా, బిడ్డను దేవుడు ఇన్నాళ్ళు కాపాడినందుకు రెండు మాటలు చెప్పమ్మా."

ఆమె లేచింది. కొంగుముడి విప్పి, బిళ్ళల అట్ట తీసి బల్లమీద పెట్టింది.

"నా బిడ్డకు ఈ గతి ఎట్లా పట్టిందని అందరూ అడుగుతున్నారుగా... వీటివల్లే కావచ్చునేమోనని నా భయం. మీ అందరికీ ఇవే ఇచ్చాను. నర్సమ్మకు చెప్పకుండా దాచాను. నన్ను కొట్టండి, తిట్టండి... కానీ రేపు కోతకు పోకుండా రక్తం చూపించుకోండి!"

వెనక వరసలో ఒకామె చంటిదాన్ని చంకనేసుకుని విసురుగా బయటికి పోయింది. అప్పుడు సుబ్బరావమ్మ ఏడుస్తూ అంది, "అయ్యో వదినా! చెయ్యి చాపింది మేమే కదే..."

సోమవారం నర్సు సమీరాకు రక్తం ఇవ్వడానికి ప్రేమమ్మ ఇంటిముందు పన్నెండుమంది వరసగా కూర్చున్నారు. సుబ్బరావమ్మకు జబ్బు మొదలైందనీ, ఇప్పుడే బిళ్ళలు మానేసి మందు వాడితే నిలవరించుకోవచ్చనీ తరవాత పరీక్షలో తేలాక డాక్టరు గారు చెప్పారు. ఫెబా కిడ్నీలు మాత్రం ఇక తిరిగిరావు.

ఆ సోమవారమే, రక్తం తీయడం అయ్యాక, సమీరా పాత కాగితం తీసి, 'లేదు' అన్న మాట కొట్టేసి అడిగింది. "రోజుకు ఎన్నమ్మా?"

"అందరికీ ఒకటే ఇచ్చేదాన్ని" అంది ప్రేమమ్మ. "మా ఫెబాకి... కన్నకూతురు కదా అని... రెండు."

ఫెబా ఉబ్బిన చెయ్యి చాపి తల్లి కొంగు పట్టుకుంది. ముడి లేదు దానికి.

"రాసుకో నర్సమ్మా" అంది మెల్లగా. "రెండూ నేనే అడిగి తీసుకునేదాన్ని."