గడప తీసిన వారం

మా ఆయనకి ఇంటి అలంకారం పిచ్చి. పిచ్చి అనే అంటాను, నాకేం భయం? సోమేశ్వరరావుగారు ప్రభుత్వ ఆఫీసులో ఫైళ్లు చూసుకునే మనిషి. వారపత్రికల్లో ఇంటి సింగారం మీద వచ్చినవన్నీ కత్తిరించి దాచుకుని, అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ సలహాలు ఇస్తారు. ఇరుకు గదికి లేత రంగు వెయ్యాలట, కిటికీ ఎదురుగా అద్దం పెట్టాలట. ఆయన చేత్తో కొట్టిన మేకు మా ఇంట్లో ఒక్కటీ నిలబడలేదు.

తొంభై ఎనిమిదిలో కొత్తగూడలో పాత ఇల్లు కొన్నాం. అమ్మినాయన ఎల్లేశం. తాళాలు ఇచ్చేరోజు ఆయన భార్య నీలమ్మ నన్ను పక్కకి పిలిచింది.

"అమ్మా, గోడలు కూలగొట్టుకో, నీ ఇష్టం. గీ గడపను మాత్రం కదపకు. దీపాలు పెట్టే యాళ్లకు బయట నుంచి ఒకటి మీ ఇంటోళ్ల గొంతుతోని పిలుస్తది. పలకొద్దు. గడప దాటి రాదు."

మొదటి శుక్రవారమే విన్నాను. ఆయన స్నానాలగదిలో ఉన్నారు, చెంబు చప్పుడు వినిపిస్తూనే ఉంది. వీధి వైపు నుంచి ఆయన గొంతే, "ఉమా, తలుపు తియ్." నేను పలకలేదు. మా ఆరేళ్ల రసజ్ఞకి కూడా నేర్పాను. బయట నుంచి ఎవరు పిలిచినా, చివరికి నేను పిలిచినా సరే, పలక్కూడదు. గడపకి వారం వారం పసుపు రాసేదాన్ని.

ఈయనకి చెబితే నవ్వారు. "నూరేళ్ల టేకు, ఉమా! కాళ్ల కింద పడేసుకుంటామా?"

ఒకరోజు కూరలకి వెళ్లి వచ్చేసరికి గడప లేదు. దాని చోట సిమెంటు పూసి ఉంది. సాయంత్రానికల్లా ఆ గడప చెక్కని నున్నగా చిత్రిక పట్టి, పాలిష్ కొట్టి, పిల్ల గదిలో బొమ్మల అరగా బిగించారు. పసుపు రాసిన చెక్క మీద ప్లాస్టిక్ ఏనుగు! నాకు ఒళ్లు మండిపోయింది. రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు.

మూడోరోజు సాయంత్రం కరెంటు పోయింది. వంటింట్లో దీపం వెలిగిస్తున్నాను.

"ఉమా... మంచినీళ్లు."

గ్లాసు పట్టుకుని హాల్లోకి వచ్చాను. ఎవరూ లేరు. కొత్త పెయింటు వాసన. దాని కింద, తడిసిన గోనెసంచి వాసన. వీధి గోడ దగ్గర మా ఆయన పక్కింటాయనకి కర్టెన్ల రంగు గురించి చెబుతున్నారు, ఆ మాటలు స్పష్టంగా వినిపిస్తున్నాయి. నా పక్కనే... సోఫా వెనక నుంచి...

"ఉమా."

గ్లాసు వదిలేసి, పిల్లని చంకనేసుకుని బయటికి పరిగెత్తాను. అందరూ వినేలా తిట్టాను. "ఈ నిమిషం గడప పెట్టండి! మీ సింగారం తగలెయ్య!" ఆయన వెక్కిరించబోయారు. లోపల నుంచి తన గొంతే తనకి వినబడింది.

పరిగెత్తుకెళ్లి అర పీక్కొచ్చారు. సిమెంటు పగలగొట్టారు. టార్చి పట్టుకుని నేను తిడుతూనే ఉన్నాను. చివరి మేకు దిగింది. లోపల నుంచి ఇక పిలుపు రాలేదు. పసుపు రాశాను. ఇక ఏదీ రాదు అనుకున్నాను. "వెళ్లు తల్లీ, నీ గదిలోకి వెళ్లు" అని పిల్లని నేనే లోపలికి పంపాను.

గాలికి తలుపు మూసుకుంది. తోశాను. రాలేదు. ఆయన బిగించిన గడప అరంగుళం పైకి లేచి, తలుపు దానికి పట్టేసింది.

అప్పుడు తట్టింది నాకు. అది గడప దాటదు. లోపలికీ దాటదు... బయటికీ దాటదు.

"రసజ్ఞా... జడ వేస్తాను, రా."

లోపల నుంచి. నా గొంతు.

"వస్తున్నానమ్మా!"

తలుపు బాదాను. గొంతు చించుకుని అరిచాను. "రసజ్ఞా! నేనిక్కడున్నానే! వెళ్లకే!"

కాసేపటికి నా కూతురి మాట, మెల్లగా. "అమ్మా, బయట ఎవరో నీ గొంతుతో అరుస్తున్నారు."

"పలక్కు బంగారం. గడప దాటి రారు."

ఆయన భుజంతో గుద్ది గుద్ది తలుపు విరగ్గొట్టారు. పిల్ల మంచం మీద ఒక్కతే కూర్చుంది. ఒంటి మీద గీత లేదు. పొద్దున్నుంచి నేను దువ్వని జుట్టు రెండు జడలై, రిబ్బన్లతో ముడిపడి ఉంది.

మూడు నెలలైంది. ఇల్లు వదిలేద్దామంటే, ఫాల్స్ సీలింగ్ పూర్తికానివ్వు అంటారు ఈయన. నా కడుపుమంట ఎవరికి చెప్పుకోను?

బడి నుంచి తెచ్చాక, పిల్ల లోపలికి వెళ్లగానే వీధిలో నిలబడి పిలుస్తాను, రోజూ పిలిచి చూస్తాను. లోపల నుంచి పలకదు. ఖాళీ గది వైపు తిరిగి, మెల్లగా అడుగుతుంది.

"పలకనా, అమ్మా?"