తొమ్మిదింటి త్రీఫేజు

చెరకు ఆకు చెంప మీద కోస్తుంది.

పావని ఆగదు. పరుగు... పరుగు!

వెనక రెండు జతల అడుగులు. ఒకటి సాయిశ్రీనివాస్‌ది. రెండోది వాడి యజమాని, అనకాపల్లి బెల్లం వ్యాపారి భీమశంకరరావుది. ఆయన చేతిలో పిస్తోలుంది.

ఉదయం ఎనిమిదీ యాభై రెండు.

ఇంకో ఎనిమిది నిమిషాలు వీళ్లని తన వెనకే తిప్పుకోవాలి. ఈలోగా నాన్న కాలువ గట్టు దాటి మెయిన్‌రోడ్డు ఎక్కేయాలి. మోకాళ్ల నొప్పుల మనిషి. పరుగెత్తలేడు.

నాన్న బంగారయ్య చేసిన నేరమల్లా ఒక్కటే. తన పంపుసెట్టు కరెంటుని పక్కనున్న భీమశంకరరావు షెడ్డులోకి దొంగతనంగా లాగేశారని కనిపెట్టాడు. లోపల అరవై మెషిన్లు. రాత్రీపగలూ కరెంటు తాగి బిట్‌కాయిన్లు పుట్టించే క్రిప్టో మైనింగ్ మెషిన్లు! కంప్లయింట్ ఇస్తానన్నాడు. నిన్నటి నుంచి అక్కడే కట్టేసి ఉంచారు.

వాటికి పవర్ సప్లై కిట్లు బిగించింది ఎవరు? పావనే! గవరపాలెంలో తన ఎలక్ట్రికల్ రిపేరు షాపులో, ఒక్కొక్కటీ తన చేత్తో. ఏదో ఆఫీసు కంప్యూటర్లకి అని చెబితే నమ్మేసింది. తలుచుకుంటే తన మీద తనకే ఒళ్లు మండిపోతోంది.

పొద్దున్నే పిలిపించారు. నాలుగు కిట్లు పాడయ్యాయి, బాగుచేస్తే మీ నాన్నని వదిలేస్తాం అన్నారు. వదలరని వాళ్ల మొహాలే చెప్పాయి.

అందుకే బాగుచేసింది... తనకి నచ్చినట్టు! నాన్న కట్లు కోసి వెనక తలుపు గుండా పంపేసింది. ముందు తలుపులోంచి తను పరుగందుకుంది.

కాలికి మోడు తగులుతుంది... పడిపోతుంది!

సాయి జుట్టు పట్టుకుని లేపుతాడు. నుదుటి మీద చల్లగా పిస్తోలు.

"ఎక్కడికే పరుగు?" భీమశంకరరావు రొప్పుతున్నాడు. "కిట్లు బాగయ్యేయా?"

"అయ్యేయి."

"ఒరే సాయీ, ఆ ముసలోడి సంగతి సూసి రా."

సాయి కదులుతాడు. షెడ్డు దాకా వెళ్తే ఖాళీ తాళ్లు కనిపిస్తాయి. గట్టు మీద నాన్నా కనిపిస్తాడు!

లాగి ఒక్కటి కొడుతుంది. భీమశంకరరావు చెంప మీద!

సాయి గిరుక్కున వెనక్కి తిరుగుతాడు.

"కిట్లు నేను కట్టినవి. కరెంటు మా నాన్నది," అంటుంది పావని. "నీదేటుందిక్కడ?"

ట్రిగ్గర్ మీద వేలు బిగుస్తుంది...

తొమ్మిది!

పొలాలకి త్రీఫేజు కరెంటొచ్చే వేళ. షెడ్డులో ఆటో స్టార్టర్ టక్కున పడుతుంది. ఎవరూ స్విచ్ వేయక్కర్లేదు.

ఢమాల్!

ఢమాల్... ఢమాల్... ఢమాల్!

రేకుల సందుల్లోంచి నల్లటి పొగ. సాయి అన్నీ మర్చిపోయి అటు పరుగెడతాడు.

"ఏటి సేసేవే?" భీమశంకరరావు అరుస్తాడు.

"నీ కిట్లు తట్టుకునేది రెండొందల నలభై ఓల్టులు. పంపు మోటారుకిచ్చే నాలుగొందలా పదిహేను ఇచ్చేను."

ఆయన తల పొగ వైపు తిరుగుతుంది. ఒక్క క్షణం! పావని ఆయన మణికట్టు మెలిపెడుతుంది... పిస్తోలు ఇప్పుడు ఆమె చేతిలో!

భీమశంకరరావు పళ్లికిలిస్తాడు. "కాల్సడం వచ్చేటే నీకు?"

"రాదు. అందుకే ఎక్కడ తగుల్తాదో నాకూ తెల్దు. కదలకు."

ఆయన ఒక్క అడుగు ముందుకేస్తాడు.

ఢాం! భీమశంకరరావు తొడ పట్టుకుని చెరకు మోళ్ల మీద కూలబడతాడు.